ఓడ చెక్క మీద సున్నపు గీత

దయ్యాలూ భూతాలూ నేను నమ్మను. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం నాది, కారణం దొరికేదాకా దేన్నీ వదలను. మా అత్తగారు ఎండుమిరపకాయలతో దిష్టి తీస్తానంటే స్మోక్ అలారం మోగుతుందని ఆపేదాన్ని. అలాంటి నేను ఇది రాస్తున్నానంటే నాకే నవ్వొస్తోంది. కానీ ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు.

మొన్న ఈస్టర్ సెలవుల్లో మా అమ్మాయి మహిని తీసుకుని, ఇంగ్లండులో మేముండే బేసింగ్‌స్టోక్ నుంచి గంటన్నర కారు నడిపి, సముద్రపు ఒడ్డున ప్రదర్శనకి ఉంచిన ఒక పాత తెరచాప ఓడ చూడ్డానికి వెళ్ళాను. మహికి ఎనిమిదేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. స్కూల్లో ఓడ భాగాల మీద ప్రాజెక్టు ఇచ్చారు.

ఓడలు నాకు కొత్త కాదు. మా తాతయ్య తాళ్ళరేవులో ఓడలు కట్టే వడ్రంగి. చెక్క పుచ్చిందో లేదో వేలి కణుపులతో కొట్టి చెప్పేవాడు. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి. పుచ్చిందని తేలితే తాంబూలం సంచిలోంచి సున్నం తీసి, ఆ చెక్క మీద వేలితో అడ్డగీత గీసేవాడు. ఆ గీత ఉన్నచోట ఎవరూ కాలు పెట్టరు. ఆయన చూపుడువేలు ఎప్పుడూ తెల్లగానే ఉండేది.

ఇక్కడొకటి ఒప్పుకోవాలి. మహి వయసులో ఒకసారి నేను, మరమ్మతుకి ఒడ్డుకెక్కించిన ఓడ మీద ఆడుకుంటున్నాను. తాతయ్య గీసిన గీత వంకరగా ఉందనిపించింది. తడిచేత్తో తుడిచేశాను, మళ్ళీ తిన్నగా గీద్దామని. ఇంతలో అమ్మ అన్నానికి పిలిచింది. వెళ్ళిపోయాను. ఆ మధ్యాహ్నం ఆ చెక్క విరిగి బాబాయి ఓడ అడుక్కి పడ్డాడు. ఇప్పటికీ కుంటుతాడు. తాతయ్యకి చూపు మందగించిందనీ, గీత గీయడం మరిచాడనీ అందరూ అన్నారు. ఆయన మారుమాట్లాడలేదు. మళ్ళీ ఓడ పనికీ పోలేదు. నేను నోరు విప్పలేదు. మా ఆయనకి కూడా ఇంతవరకూ చెప్పలేదు.

ఇక ఆ రోజు. పదకొండు గంటలు, మంచి ఎండ. తెరచాప కొయ్యా, చుక్కానీ, లంగరూ చూసి, మహి పుస్తకంలో బొమ్మలు గీసుకుంది. తర్వాత సరుకు దాచే కింది అరలోకి దిగాం. మహి ముందు నడుస్తోంది. ఉన్నట్టుండి ఆగి, వంగి, నేల చెక్కని వేలి కణుపులతో కొట్టింది. రెండు దెబ్బలు. ఆగింది. ఇంకొకటి.

అలా కొట్టడం దానికి నేను నేర్పలేదు. దగ్గరికెళ్ళి చూస్తే, దాని కాళ్ళ ముందు చెక్క మీద అడ్డంగా తెల్లటి గీత. కాస్త వంకరగా ఉంది. ముట్టుకుంటే వేలికి తడి అంటింది. మహి చేతులు చూశాను. పెన్సిల్ మరకలు తప్ప ఏమీ లేవు.

మహిని వెనక్కి లాగి, అక్కడున్న వాలంటీరు పెద్దాయన్ని పిలిచాను. ఆయన గీత చూసి, మేం సుద్ద వాడం, టేపే వేస్తామన్నాడు. అనుమానం తీరక జేబులోంచి చిన్న చాకు తీసి చెక్కలో గుచ్చాడు. పిడిదాకా దిగిపోయింది. లేచిన ముక్క పక్కకి తీసి, కింద ఎంత లోతుందో టార్చి వేసి చూసి, ఆయనే ముఖం తుడుచుకున్నాడు. మమ్మల్ని బయటికి పంపి, అటు ఎవరూ రాకుండా తాడు కట్టేశాడు.

కారెక్కి బయల్దేరాక మహిని అడిగాను.

"అలా కొట్టమని నీకెవరు చెప్పారే?"

"ద ఓల్డ్ మ్యాన్, అమ్మా. హిస్ ఫింగర్ వాజ్ వైట్."

ఆ అరలో మా ఇద్దరితో పాటు ఉన్నది ఆ వాలంటీరు ఒక్కడే, ఆయన వేళ్ళకి ఏ తెలుపూ లేదు. ఇంకేమన్నాడని అడిగాను. ఎప్పుడూ తెలుగు పలకని మహి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పింది.

"మీ అమ్మలాగ తుడిచేయకే, బుజ్జీ."

కారు పక్కకి ఆపి చాలాసేపు ఏడ్చాను. ఇంటికెళ్ళగానే బాబాయికి ఫోన్ చేసి, ఇన్నేళ్ళు దాచింది చెప్పేశాను. బాబాయి తిట్టలేదు.

"మీ తాతయ్యకి ఆరోజే తెలుసమ్మా. అన్నం కాడ నీ అరచెయ్యి తెల్లగా ఉంది కదా, చూశాడు, నేను పడ్డాకే సంగతి అర్థమైంది. పిల్లకి మాటొస్తది, ఎవరికీ చెప్పొద్దురా అని నాతో ఒట్టేయించుకున్నాడు."

తాతయ్య పోయి ఇరవై ఏళ్ళు దాటింది. మహి ఆయన ఫొటో కూడా చూడలేదు. కారణం కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాను, దొరకలేదు. ఆ రోజు నేను వేసుకున్న కోటు మాత్రం ఉతకలేదు. గీతని ముట్టుకున్న వైపు, కోటు చేతి అంచున చిన్న తెల్ల మరక ఉంది. తుడవడానికి చెయ్యి రావడం లేదు.