తొలి చినుకు పడేదాకా

2022 ఆగస్టులో ములకలపల్లి దగ్గరి ఒక బైబిల్ శిక్షణ కేంద్రంలో అతిథి అధ్యాపకురాలిగా చేరాను. అంతకు ముందు ఖమ్మంలో ఇరవై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు చరిత్ర చెప్పి, యాజమాన్యంతో పొసగక, గడువుకు ముందే పదవీ విరమణ తీసుకుని, ఖానాపురం హవేలిలో ఇంటిపట్టున ఉన్నాను. ఇంటిపట్టున ఉండడం నా వల్ల కాదని నాకంటే ముందు ఇంట్లోవాళ్లకు అర్థమైంది. నేను క్రైస్తవురాలిని కానని, మా ఇంటి పూజలు కూడా అంతంతమాత్రమేనని చేరేటప్పుడే చెప్పాను. "భక్తి చెప్పేవాళ్లు మాకు చాలామంది ఉన్నారమ్మా, చరిత్ర చెప్పేవాళ్లే లేరు" అన్నారు కేంద్రం పెద్ద ప్రసాదరావుగారు. ఆయన కోస్తా నుంచి వచ్చి ఏన్కూరు వైపు భూములు కొని స్థిరపడ్డ రైతు కుటుంబీకుడు.

బైబిల్లో పాత నిబంధన మలాకీ గ్రంథంతో ముగుస్తుంది, పేజీ తిప్పితే కొత్త నిబంధన, మత్తయి సువార్త. ఆ ఒక్క పేజీ వెనక దాదాపు నాలుగు వందల ఏళ్లున్నాయి. క్రైస్తవ సంఘాల్లో దాన్ని నిశ్శబ్ద కాలం అంటారు. నిశ్శబ్దం ఎక్కడిది? పర్షియా వాళ్లు పోయి గ్రీకులు వచ్చారు. యూదులు గ్రీకు రాజుల మీద తిరగబడి సొంత రాజ్యం పెట్టుకున్నారు. ఆ రాజ్యం కోసం అన్నదమ్ములు తగవుపడి, పెద్దరికం చేయమని రోమీయులను పిలిచారు. పెద్దరికానికి వచ్చినవాళ్లు తిరిగి పోలేదు. నేను చెప్పవలసిన పాఠం ఇదీ.

అందులో విశ్రాంతి దినం సంగతి ఒకటి ఉంది. యూదులకు అది శనివారం, ఆ రోజు ఏ పనీ చేయరు. గ్రీకు రాజు వాళ్ల ఆచారాలను నిషేధించినప్పుడు కొందరు పెళ్లాంబిడ్డలతో పారిపోయి ఎడారి గుహల్లో దాక్కున్నారు. సైన్యం విశ్రాంతి దినాన వచ్చి మీద పడింది. వాళ్లు ఒక్క రాయి కూడా విసరకుండా చచ్చిపోయారు. అది విన్న తిరుగుబాటు నాయకులు, ఇట్లాగైతే మన జాతే మిగలదని, ఎవరైనా మీద పడితే ఆ రోజు కూడా ఎదురు తిరగవచ్చని తీర్మానించారు. ఎదురు తిరగడం వరకే ఒప్పుకున్నారు. వందేళ్ల తర్వాత పాంపే అనే రోమన్ సేనాని యెరూషలేము దేవాలయాన్ని ముట్టడించినప్పుడు ఆ సందు కనిపెట్టాడు. విశ్రాంతి దినాల్లో బాణం వేయించలేదు. కందకం పూడ్పించి, గోడ ఎత్తుకు మట్టికట్ట పోయించాడు.

"మట్టి పోస్తాంటే సూసుకుంట కూసున్నరా మేడం?" అన్నాడు సమూయేలు. కొరియర్ ఉద్యోగం మానేసి వచ్చి చదువుతున్న, అడవి అంచు పల్లె మనిషి.

"కూర్చున్నారు. మట్టి పోయడం దాడి కాదు కదా."

"గట్లైతే గుడి పోదా?"

"పోయింది."

"వాళ్లల్ల ఎవుసం చేసినోడు ఒక్కడు లేడా మేడం? గట్టు తెగినంక మడికాడికి పోతే ఏమున్నది!" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ కేంద్రం పద్ధతి ఇది. రెండేళ్ల చదువయ్యాక ఏడాది పాటు ఒక పల్లె సంఘంలో ప్రొబేషన్. ప్రసంగం చేయవచ్చు కాని, బాప్తిస్మాలు, పెళ్లిళ్లు చేయించే అధికారం ఉండదు. ఏడాది చివర సంఘపెద్దల కమిటీ ఒప్పుకుంటేనే అభిషేకం జరిగి పూర్తి సంఘకాపరి అవుతాడు. ఒప్పుకోకపోతే ప్రార్థన మందిరం వెనక ఇచ్చిన గది ఖాళీ చేసి పోవాలి. సమూయేలును ఏన్కూరు అవతల ఒక పల్లెకు వేశారు. అప్పటికి అతని భార్యకు నెలలు నిండుతున్నాయి.

మార్చిలో ఒక ఆదివారం ఆరాధన మధ్యలో ఆకాశం నల్లబడింది. సంఘంలో సగం మందికి మిరపకాయ కల్లాల్లో ఆరబోసి ఉంది. తడిస్తే కాయ తెల్లబారి తాలవుతుంది, ఏడాది కష్టం పోతుంది. వీళ్ల క్రైస్తవ శాఖకు ఆదివారమే విశ్రాంతి దినం, ఆ రోజు పని నిషేధం గట్టిది. ఎవరూ కదల్లేదు. చివరికి సారమ్మ అనే పెద్దావిడ లేచి, "అయ్యా, దేవుడు యాడికి పోడు. మా మిర్చి పోతది" అన్నదట. సమూయేలు వాక్యం ఆపి, "పోయి పరదాలు కప్పుకొని రండ్రి" అన్నాడు. అందరూ టార్పాలిన్ పట్టాలు తీసుకుని కల్లాలకు పరుగెత్తారు.

వాన పడలేదు. అదే అతని ఖర్మ. పడి ఉంటే మెచ్చుకునేవాళ్లు. పడని వానకు ఆరాధన ఆపాడని కేంద్రానికి ఫిర్యాదు పోయింది.

ఏప్రిల్‌లో కమిటీ కూర్చుంది. ఎవరు నేర్పారని అడిగితే సమూయేలు నా పాఠం చెప్పాడు. నాకు పిలుపు వచ్చింది. మండుటెండలో రెండు బస్సులు మారి వెళ్లాను. గుంటలో పడ్డ పశువును విశ్రాంతి దినాన పైకి తీయరా అన్న యేసు మాట అతను అప్పటికే చెప్పుకున్నాడు. "పశువుకు ప్రాణం ఉంటుంది. మిరపకాయకు ఉంటుందా?" అని కొట్టిపారేశారు ప్రసాదరావుగారు.

"మిరపకాయకు లేదు, పండించినవాళ్లకు ఉంది" అన్నాను.

"మీరు పాఠంలో చెప్పిన గుహల సంగతి మా గ్రంథంలో లేదు మేడంగారూ" అన్నారాయన.

"మీ గ్రంథంలో లేనిదే చెప్పమని కదండీ నన్ను పిలిచారు!"

ఒకాయన దగ్గినట్టు నవ్వాడు. ప్రసాదరావుగారు నవ్వలేదు. సమూయేలు వైపు తిరిగి, "నువ్వు పంపినప్పుడు చినుకు పడుతోందా, మబ్బేనా?" అని అడిగారు.

"మబ్బేనయ్యా."

నేను ఆగలేకపోయాను. పాంపే మట్టికట్ట మొదలుపెట్టి దేవాలయం పడిపోయేదాకా మొత్తం మళ్లీ చెప్పాను. మబ్బు మట్టికట్ట వంటిదని, దాడి మొదలయ్యాక లేస్తే దేవాలయమే దక్కలేదని, కాయలేం దక్కుతాయని అడిగాను. శ్రద్ధగా విన్నారు. బయట కూర్చోమన్నారు. చాలాసేపటికి పిలిచి తీర్మానం చదివారు. అభిషేకం రద్దు చేయడం లేదు, వచ్చే ఏడుకు వాయిదా. ఆదివారం పంట కాపాడుకోవడానికి లేవవచ్చు, అయితే తొలి చినుకు పడ్డాకే. ఈ నియమం తప్పితే గది ఖాళీ చేయాలి.

రెండు వేల ఏళ్ల కింద మనుషులు చేసిన పొరపాటు నా నోటనే విని, విన్నదాన్ని విన్నట్టే నియమంగా రాసుకున్నారు. బయటికొచ్చి, "కోర్టుకు పోదామా, ఇంకో సంఘం చూసుకుంటావా" అని సమూయేలును వాయించాను. అతను సీసాలో నీళ్లు నాకిచ్చాడు. "ఊకో మేడం, ఎండల అరవకు" అన్నాడు.

మరుసటి ఏడు మిర్చి కోతలప్పుడు ఫోన్ చేశాను. ఆదివారం ఆరాధన కల్లాల దగ్గరే జరుపుతున్నాడట. కాయల పక్కనే చాపలు పరిచి కూర్చుంటున్నారు.

"నియమంలో మందిరంలనే కూసోవాలని లేదు కద మేడం. మొన్న వాన వచ్చింది. తొలి చినుకు సారమ్మ నెత్తి మీదనే పడ్డది. ఇగ లేవుండ్రి అన్నది. కాయల మీద పరదా లాగి, అంచులు పట్టుకొనే పాటలు పాడినం."

"కమిటీ వాళ్లు?"

"వచ్చి సూసిండ్రు. తప్పు దొరకలే. ప్రసాదరావయ్య కూడ ఒక అంచు పట్టుకున్నడు."

ఆ మే నెలలో అతనికి అభిషేకం జరిగింది. నేను వెళ్లలేదు, మోకాళ్ల నొప్పి. ఆ ఏడాదితో అక్కడ పాఠం చెప్పడం కూడా మానేశాను.

ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను గెలిచిన వాదనలు చాలా ఉన్నాయి. వాటి వల్ల మారిన నియమం ఒక్కటి కూడా గుర్తు రాదు. నియమం పెట్టినవాళ్లు తమంతట తాము దాన్ని మార్చరు. దాని కింద బతకాల్సినవాళ్లు ఎక్కడ కూర్చోవాలో చూసుకుంటారు.