మొక్కజొన్న చేలో మా ఇంటి క్యాసెట్లు

మొన్నామధ్య మా వీధిలోకి పాత సామాన్ల బండి వచ్చింది. పాత కంప్యూటర్లు, పాత ఫ్రిజ్‌లు, పాడైన బ్యాటరీలు కొంటామని మైకులో చెప్పిందే చెప్పుకుంటూ పోతుంటే, మా ఆవిడ అటక మీద ఏళ్ల తరబడి దుమ్ము తింటున్న నా కంప్యూటరు డబ్బాను దింపించి గుమ్మంలో పెట్టింది. బండివాడు దాన్ని ఎత్తబోయేసరికి నేను అడ్డం వెళ్లి రెండు చేతులా పట్టుకున్నాను. రిటైరైన మనిషి పాత ఇనుము కోసం నడివీధిలో పెనుగులాడితే చూసేవాళ్లకు నవ్వొచ్చే ఉంటుంది. ఆ డబ్బా మీద నాకు మమకారమేమీ లేదు. నిజం చెప్పాలంటే దాన్ని చూస్తేనే ఒళ్లు మండుతుంది. కానీ మా అక్కకు నేను చేసిన అన్యాయం అందులోనే ఉంది, దాన్ని తూకానికి వెయ్యడానికి మనసొప్పలేదు.

తొంభైల చివర్లో తిరువూరులో పాటలు వినడమంటే ఎంత పనో మన తరం వాళ్లకు చెప్పక్కర్లేదు. కావలసిన పాటలు చీటీ మీద రాసి రికార్డింగు షాపులో ఇస్తే, వారం రోజులు తిప్పించుకుని, పన్నెండు రాస్తే పదే ఎక్కించి, మిగతా రెండూ దొరకలేదని పెదవి విరిచేవాళ్లు. అలా చేయించుకున్నవీ, బెజవాడ వెళ్లినప్పుడు కొన్నవీ కలిపి మా ఇంట్లో రెండు ట్రంకు పెట్టెల నిండా క్యాసెట్లు పోగయ్యాయి.

మా అక్క విస్సన్నపేటలో మామిడికాయల వ్యాపారం చేసేవారి ఇంటి కోడలు. బాగా పాడేది. నెమలి ఊళ్లోని వేణుగోపాలస్వామి గుడిలో ఆవిడ హారతి పాట అందుకుంటే పూజారిగారు గంట ఆపి వినేవారు. ఒకసారి పుట్టింటికి వచ్చినప్పుడు, ఒక భక్తి పాటల క్యాసెట్టు రెండో వైపు చివర కాస్త టేపు ఖాళీగా ఉందని అక్కను కూర్చోబెట్టి రికార్డు బటను నొక్కాను. అదే క్యాసెట్టు మొదటి వైపు పేరున్న గాయని పాడిన మంగళహారతినే అక్క తన పద్ధతిలో, చరణం చివర కాస్త సాగదీసి, తొందర లేకుండా పాడింది. ఆ తర్వాత మూడేళ్లకు ఆవిడ గొంతుకు ఆపరేషను చేయాల్సి వచ్చింది. ప్రాణానికి ఏమీ కాలేదు గానీ గొంతు బొంగురుపోయింది, మళ్లీ పాడలేదు. అంతకుముందు ఆవిడ పాడింది మిగిలి ఉన్నది ఆ టేపు ముక్కలోనే.

రెండువేల ఐదు ప్రాంతంలో నేను కంప్యూటరు కొన్నాను. అప్పట్లో మండలాఫీసు రికార్డు గది నా చేతి కింద ఉండేది. ఏ కాగితం అడిగినా కూర్చున్న కుర్చీలోంచే ఏ అరలో ఉందో చెప్పగలననే గర్వం నాది. ఇంట్లో పాటలు కూడా అలాగే ఉండాలని పంతం పట్టాను. కంప్యూటరు నడింట్లో పెట్టి, వెంటిలేటర్లలోంచి తీగలు లాగి వంటింట్లో ఒక స్పీకరు, వరండాలో ఒక స్పీకరు బిగించి, దానికి ఇంటి సర్వరని పేరు కూడా పెట్టుకున్నాను. వినడానికి బాగానే ఉంది, చేసేవాడికి తెలుస్తుంది. టేపురికార్డరుకూ కంప్యూటరుకూ వైరు కలిపి గంట పాటల క్యాసెట్టును గంటసేపూ నడిపించి ఎక్కించాలి. యాభయ్యో నిమిషంలో కరెంటు పోతే మళ్లీ మొదటికి వెళ్లాలి. ఎక్కిన దాన్ని పాటపాటగా ముక్కలు చెయ్యాలి. ఇక సీడీల సంగతి చెప్పనక్కర్లేదు, కాపీ చేస్తే ప్రతి పాటా ట్రాక్ ఒకటి, ట్రాక్ రెండు అని దిగేది. ఏ ట్రాక్ ఒకటి ఎక్కడిదో తెలియక, ఒక్కొక్కటీ విని, పాట పేరు, పాడినవాళ్ల పేరు, ఏ క్యాసెట్టులోదో టైపు చేసుకుంటూ రెండేళ్ల ఆదివారాలు ఖర్చుపెట్టాను. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసిందంటే ఆవిడ తప్పేమీ లేదు.

అన్నీ ఎక్కాయని తృప్తి పడ్డాక రెండు ఘనకార్యాలు చేశాను. ఒకటి, ఇక ఈ చెత్త ఎందుకని క్యాసెట్లన్నీ పెనుగొలను నుంచి వచ్చే మా పాలాయన అడిగితే ఇచ్చేశాను. రెండోది, ఒకే పాట రెండుసార్లు ఉంటే చూపించే సాఫ్టువేరు ఒకటి తెచ్చి నడిపించాను. ఒకే పేరున్నవి జతలు జతలుగా తెర మీదికి వచ్చాయి. వివరాలు పూర్తిగా ఉన్నది ఉంచి రెండోది తీసెయ్యనా అని అడిగితే, అన్నిటికీ కలిపి ఒక్కసారే సరేనన్నాను. ఆఫీసులో అసలు ప్రతి ఉన్నాక నకలు చింపేసే అలవాటు చేతికి ఉంది కదా.

మా మేనకోడలి పెళ్లికి నెల ముందు అక్క ఫోను చేసింది. "ఒరేయ్, పిల్లకి హారతి నా గొంతుతోనే ఇవ్వాలనుందిరా. ఆ పాట నీ కంప్యూటర్లో ఉందిగా, సీడీ చేసి పట్టుకురా" అంది. అదెంత పని అన్నాను. పేరు కొట్టాను, పాట కనబడింది, సీడీ చేశాను. వినలేదు. నా రికార్డు మీద నాకు అంత నమ్మకం.

విస్సన్నపేట కళ్యాణమండపంలో అక్క హారతి పళ్లెం పట్టుకుని కూతురి ఎదుట నిలబడింది. మైకువాడు సీడీ పెట్టాడు. పేరున్న గాయని గొంతు, వీణ, మృదంగంతో సహా మండపమంతా మోగింది. ఎంత బాగుందో అని పక్కనున్నవాళ్లు మెచ్చుకున్నారు. అక్క ఒక్కసారి నా వైపు చూసి, తల దించుకుని హారతి తిప్పింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

ఇంటికి వచ్చి డబ్బా అంతా గాలించాను. పాట లేదు. జరిగింది అప్పుడు తెలిసింది. అక్క పాటకు పేరు రాశాను గానీ గాయని అన్న చోట ఖాళీగా వదిలేశాను. అంతంత పేరున్నవాళ్ల వరుసలో మా అక్క పేరేమిటని, రాయడానికి నాకే చెయ్యి రాలేదు. వివరాలు లేని ప్రతి గనక అదే పోయింది. సాఫ్టువేరును తిట్టాను, కంప్యూటరు అమ్మినవాణ్ణి తిట్టాను, తిట్టవలసింది ఎవరినో తెలిసే తిట్టాను.

మర్నాడు పొద్దున్నే పెనుగొలను బస్సెక్కాను. పాలాయన నన్ను చేను దగ్గరికి తీసుకెళ్లి సంబరంగా చూపించాడు. మొక్కజొన్న కంకుల మీద, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు, మా క్యాసెట్ల టేపులన్నీ లాగి కట్టి ఉన్నాయి. గాలికి ఎండలో తళతళా మెరుస్తూ గుయ్యిమంటున్నాయి. "పిట్టలు ఒక్కటి వాలట్లేదండి, మీ పుణ్యమా అని" అన్నాడు. వాటిలో ఏది అక్కదో ఎవరు చెప్పగలరు? గట్టు మీద కూర్చుండిపోయాను.

ఆ రోజు బండివాణ్ణి పంపేశాక ఆ డబ్బాను రిపేరు షాపుకు తీసుకెళ్లి, అందులో ఉన్నదంతా బయటికి తీయించాను. చెరిపేసిన పాట దొరకలేదు గానీ, చెత్త అని నేనే పేరు పెట్టిన ఒక ఫోల్డరులో, పాటల మధ్య కోసి పారేసిన ముక్కలు వందల కొద్దీ ఉన్నాయి, పేర్లు లేకుండా. గరగరలు, ఈలలు, బటను చప్పుళ్లు. నాలుగు రోజులు విన్నాను. ఐదో రోజు ఒక ముక్కలో, "ఆగరా, కుక్కరు దించి వస్తా. పాడేటప్పుడు నన్ను నవ్వించావంటే ఊరుకోను" అని మా అక్క గొంతు. అంతే, పది సెకన్లు. పాట మొదలయ్యేలోపే కోత పడింది.

అది ఫోనులో వేసుకుని విస్సన్నపేట వెళ్లి వినిపించాను. అక్క చెవి దగ్గర పెట్టుకుని విని, బొంగురు గొంతుతో, "ఎవర్రా ఈవిడ, నిన్నింతలా గదమాయిస్తోంది?" అంది. మళ్లీ పెట్టమంది. మూడోసారికి తెలిసింది. ఇక పెట్టమనలేదు, ఫోను మాత్రం చాలాసేపు చేతిలోనే ఉంచుకుంది.

ఇప్పుడు ఎవరూ టైపు చెయ్యరు, ఎక్కించరు, ముక్కలు కొయ్యరు. ఫోనుకు నోటితో చెబితే ఆ మంగళహారతి ఎంతమంది పాడారో అంతమందిదీ, పేర్లతో సహా, వరుసగా వినిపిస్తుంది. కావలసిన ఒక్కరిది తప్ప. తిరిగొచ్చాక ఆ పది సెకన్ల ముక్కకు వివరాలు రాయడానికి కూర్చున్నాను. పాట పేరు దగ్గర ఏమి రాయాలో తోచక వదిలేశాను. గాయని అన్న చోట మా అక్క పేరు, ఇంటిపేరుతో సహా, పూర్తిగా రాశాను.