పార్కింగులోంచి చూసిన రాజభవనాలు

ఆస్ట్రియాలో నేను ఏడు రాజభవనాలు చూశాను. ఇంకొంచెం కచ్చితంగా చెప్పాలంటే, ఏడు రాజభవనాల పార్కింగులు చూశాను. లోపల రాజులు ఎలా బతికారో నాకు తెలియదు. బయట నీడ ఏ వేళకు ఏ చెట్టు కిందికి జరుగుతుందో, టూరిస్టు బస్సు వెనకాల ఇరుక్కుంటే ఎంతసేపటికి బయటపడతామో మాత్రం నన్నడగండి.

రియాద్‌లో నేను డ్రైవరుగా పనిచేసే ఇంటివాళ్లకు ఎండ వేసవి సెలవుల్లోనే గుర్తొస్తుంది. మిగతా ఏడాదంతా ఆ ఎండ నాది. ఆ వేసవికి ఆస్ట్రియా అన్నారు. అక్కడ తొమ్మిది సీట్ల వ్యాను అద్దెకు తీసుకుని, ఊరూరా తిరుగుతూ కోటలు చూడాలట. మా యజమానిని పనివాళ్లమంతా బాబా అంటాం. కొండదారుల్లో నడపగలవా అని బాబా అడిగాడు. కడప దగ్గర గువ్వలచెరువు ఘాటు రోడ్డు కళ్లు మూసుకుని దాటినవాణ్ణని చెప్పాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆ రోజు బస్సు నడిపినవాడు వేరే, అంతే.

వ్యానులో బాబా, మేడమ్, నలుగురు పిల్లలు, వాళ్లను చూసుకునే మా అమలాపురం చెల్లెమ్మ, బాబా తల్లి, నేను. బాబా తల్లిని మేం పెద్ద మామా అని పిలుస్తాం, అరబ్బీలో మామా అంటే అమ్మ. ఆవిడ మోకాళ్లు ఎప్పుడో రాజీనామా చేశాయి. మొదటి కోట దగ్గర దిగగానే గేటు నుంచి గుమ్మం దాకా పరిచిన గులకరాళ్లు, ఆ తర్వాత మెట్లు కనిపించాయి. చక్రాల కుర్చీ తెప్పిస్తానన్నాడు బాబా.

"రాణిగారింటికి నన్ను తోసుకుంటూ తీసుకెళ్తారా? నేను రాను" అని ఆవిడ సీటు బెల్టు మళ్లీ పెట్టేసుకుంది.

"అరగంటలో వచ్చేస్తాం" అన్నారు మిగతావాళ్లు. అరగంటకు ఆ దేశంలో వేరే లెక్క ఉందేమో, రెండున్నర గంటలు పట్టింది.

నేను ఏసీ వేసి ఇంజను నడుస్తుండగా కూర్చున్నాను. రియాద్‌లో అంతేగా, బండి ఆగినా ఇంజను ఆగదు. ఐదు నిమిషాలకు ఎర్ర మీసాల కాపలావాడొకడు వచ్చి అద్దం మీద టకటకా కొట్టాడు. ఊరికే నిలబెట్టిన బండికి ఇంజను ఎందుకట. ఆపాను. వాడు అటు తిరగ్గానే మళ్లీ వేశాను. వాడు ఇటు తిరిగాడు. వాడి మీసం నిండా చట్టమే. చివరికి అద్దాలు దింపుకుని, పెద్ద మామా విసనకర్రతో, నేను టిష్యూ పెట్టె అట్టతో విసురుకుంటూ కూర్చున్నాం.

"సవ్వాగ్" అని పిలిచింది ఆవిడ. డ్రైవరును అక్కడ అలాగే పిలుస్తారు. "లోపల ఏముంటుంది?"

నాకు తెలియదని చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆవిడ ఆ గోడవైపు చూస్తున్న చూపుకి తెలియదనే మాట మరీ పొట్టిగా అనిపించింది. నాది పదేళ్లుగా వంటింటి గుమ్మం దగ్గర నేర్చుకున్న అరబిక్. అందులో భూతకాలం లేదు. అందువల్ల నేను చెప్పిన రాజులంతా ఇప్పటికీ బతికే ఉన్నారు.

"లోపల వెయ్యి గదులు మామా. రాజు రోజుకో గదిలో పడుకుంటాడు. రాణికి దొరకడు. విసిగిపోయి రాణి ఆయన మెడలో మేకకు కట్టినట్టు గంట కడుతుంది. ఆ గంట ఇప్పటికీ అద్దాల పెట్టెలో ఉంది."

"వల్లా?" అంది ఆవిడ. నిజంగానా అని.

"వల్లా" అన్నాను. దేవుడు క్షమించేవాడని విన్నాను.

రెండో కోట దగ్గర రాణి జుట్టు కథ చెప్పాను. రాణి భోజనానికి వస్తే ఆమె జుట్టు మోసుకుంటూ పరిచారికలు వెనక వస్తారు. రాణి తినేసి చెయ్యి కడుక్కున్నాక జుట్టు చివర భోజనాల గదిలోకి అడుగుపెడుతుంది. ఆవిడ ముసుగులోంచి కుదుపులు కుదుపులుగా నవ్వింది. మూడో కోట నుంచి, మెట్లు ఎక్కువ ఉన్నాయో లేదో చూడకుండానే, "మీరు వెళ్లండి, నాకు మోకాలు" అనడం మొదలుపెట్టింది. వాళ్లు అటు తిరగ్గానే "ఊఁ, చెప్పు" అనేది.

నాలుగో కోట దగ్గర మా చెల్లెమ్మ చెమటలు కక్కుకుంటూ బయటికొచ్చింది. చిన్నోడికి నిక్కరు మార్చాలట.

"ఏం చెల్లెమ్మా, లోపల యట్లుండాది?" అని అడిగాను.

"నాకేం తెలుస్తాదన్నయ్యా! ఈడు ఎక్కడ ఉచ్చ పోసేత్తాడోనని నేల సూసుకుంటా తిరిగేను. గోడలకి బంగారవంట. ఆ దీపాల గుత్తులు సూసి మేడమ్ ఫొటోలు తీసుకుంటంటే, ఇయ్యన్నీ ఏ మనిషి తుడుత్తాదో అని నాకు నడుం నొప్పెట్టింది. సరేగానీ, ఆ పెద్దావిడకి ఏంటేంటో సెప్పేత్తన్నావంట?"

"ఊరికే, పొద్దుపోక."

"పొద్దుపోక మొదలెట్టినోళ్లే మునిగిపోతారన్నయ్యా."

బాబా అయితే ఏడు కోటలూ ఫోన్లోంచే చూశాడు, పిల్లలు ఒకరి వెనక ఒకరు పరిగెత్తారు. అంటే తొమ్మిది మందిమి వెళ్లాం, రాజభవనం తన కళ్లతో చూసినవాళ్లు మాలో ఒక్కరూ లేరు.

మునగడం రియాద్ వచ్చాక జరిగింది. ఆడవాళ్ల గదిలోకి గహ్వా, అంటే అరబ్బీ కాఫీ, పట్టుకెళ్లే చెల్లెమ్మ ఒక సాయంత్రం ఖాళీ పళ్లెంతో నేరుగా గేటు దగ్గర నా గదికొచ్చింది.

"అయిపోయావన్నయ్యా. పెద్దావిడ చుట్టాలందరికీ ఆ గంటా, ఆ జుట్టూ సెప్పేసింది. విన్నానని కాదు, తనే లోపల నడిసి సూసేనని! అందరూ నోరెళ్లబెట్టి వింటంటే, మలాజ్‌లో ఉండే వాళ్లక్కగారు లేచి, 'ఆ కోటలు నేనూ చూశాను, అక్కడ గంటా లేదు, జుట్టూ లేదు' అనేసింది. ఇంక సూడు, అందరి మొకాలూ అక్కగారికేసి తిరిగిపోయినియ్యి."

మర్నాడు పెద్ద మామా నన్ను పిలిపించింది. వరండాలో కూర్చుని జపమాల తిప్పుతోంది. తల ఎత్తలేదు.

"నువ్వు చెప్పినవి నిజమేనా?"

"సగం మామా."

"ఏ సగం?"

ఏడు కోటలకూ కలిపి నిజం ఎక్కడైనా ఉందా అంటే, అవి ఆస్ట్రియాలో ఉన్నాయి, అంతే.

"మా అక్క అన్నింటిలోనూ ముందే. పెళ్లి ముందు, విమానం ఎక్కడం ముందు, హజ్ ముందు. డెబ్బై ఏళ్లలో మొన్న ఒక్కసారి అందరూ నావైపు తిరిగి కూర్చున్నారు, నేను చెప్తుంటే" అంది ఆవిడ. జపమాల ఆగింది. "గురువారం తనను మన బండిలో ఎక్కించుకుని మేనకోడలింటికి వెళ్లాలి. దారి పొడవునా అడుగుతుంది. అక్కడికెళ్లాక అందరి ముందూ చెప్తుంది, నేను అబద్ధాలకోరునని. నువ్వు మొదలుపెట్టావు, నువ్వే చూసుకో."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు నేను అలవాటు పడ్డవాణ్ణి.

గురువారం మలాజ్‌లో ఆ పాత ఇంటి ముందు బండి ఆపాను. అక్కగారు కర్రతో, ఇద్దరు మనవరాళ్లు పట్టుకుంటే, మూడు విడతలుగా బండెక్కింది. ఆ మోకాళ్లు చూడగానే నాకు ఏదో తట్టింది కానీ, అది ఏమిటో తేలలేదు. వెనక వరుసలో చెల్లెమ్మ సంచులతో కూర్చుంది.

రెండో సిగ్నల్ దాటకముందే మొదలైంది.

"ఆ గంట ఏ గదిలో ఉందన్నావు?" అని అడిగింది అక్కగారు.

"పెద్ద గదిలో" అంది పెద్ద మామా.

"పెద్ద గదిలో ఉన్నది నేల! అద్దంలా మెరిసే నేల. రాజు ఒక రోజు కిందికి చూసి, అక్కడ ఇంకో రాజు నిలబడి ఉన్నాడనుకుని, వాడి మీద యుద్ధం ప్రకటించాడు. మూడు రోజులు ఫిరంగులు పేల్చాడు. గుంటలు ఇంకా ఉన్నాయి. నువ్వు లోపలికి వెళ్తే ఆ గుంటలు చూడలేదేం?"

నా చేతుల్లో స్టీరింగు ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే లేచి సలాం కొట్టేవాణ్ణి. ఇది గైడు చెప్పే మాట కాదు. పుస్తకంలో దొరికే మాట అసలే కాదు. ఏసీ లేని బండిలో, అట్టముక్కతో విసురుకుంటూ కూర్చున్న మనిషి నోట్లో పుట్టిన సరుకు ఇది. ఆ డ్రైవరెవడో, మలయాళీయో, బంగ్లాదేశ్ వాడో, నా కంటే ఒక మెట్టు పైనున్నాడు.

"అన్నయ్యా, నోరు మూసుకుని బండి తోలు" అంది వెనకనుంచి చెల్లెమ్మ తెలుగులో. నేనేం అనబోతున్నానో నా వీపు చూసే కనిపెట్టేస్తుంది.

అద్దంలో చూశాను. పెద్ద మామా కిటికీవైపు తిరిగిపోయింది.

"మామా, తప్పుగా అనుకోవద్దు" అన్నాను అక్కగారితో, నా దగ్గరున్న మర్యాదంతా గొంతులోకి తెచ్చుకుని. "ఆ కోట గేటు దగ్గర ఎర్ర మీసాల కాపలావాడొకడు ఉంటాడు. మీరు వెళ్లినప్పుడు ఉన్నాడా?"

"ఆ గాడిదా!" ముందు సీటు దాకా తుంపర్లు పడ్డాయి. "నాలుగుసార్లు అద్దం కొట్టాడు! ఏసీ ఆపాలట! నేను మూడు గంటలు ఆ బండిలో ఉడికి..."

మాట అక్కడే తెగిపోయింది.

ముందు ఎర్రలైటు పడింది. అది ఇంత పొడవైన ఎర్రలైటని నాకు ఇన్నేళ్లలో తెలియదు. నేను రోడ్డుకేసి ఎంత శ్రద్ధగా చూశానంటే, లైసెన్సు పరీక్షలో కూడా అలా చూడలేదు.

"మూడు గంటలా?" అంది పెద్ద మామా చివరికి, నెమ్మదిగా. "నన్ను రెండున్నరే ఉంచారు."

తర్వాత అక్కగారు కర్రను కాళ్ల మధ్య ఆనించుకుని, "నీ బండి నీడలోనైనా ఉందా? నాది ఎండలో" అంది. అందులోనూ తనే ముందుండాలి.

ఎవరు మొదట నవ్వారో అద్దంలో తెలియలేదు, రెండు ముసుగులూ ఒకేసారి కదిలాయి. లైటు పచ్చగా మారింది. వెనకవాడు హారన్ కొట్టాడు. నేను కదల్లేదు.

మేనకోడలింటికి వెళ్లే దారిలో పాత బజారు పక్కన మట్టికోట వస్తుంది. ఇద్దరూ ఆ ఊళ్లోనే పుట్టి, ఆ గోడ పక్కనుంచే పెళ్లిళ్లకు వెళ్లి, ఒక్కసారి కూడా లోపలికి వెళ్లలేదట. పక్కనే ఉంది కదా, ఎప్పుడైనా చూడొచ్చని. అక్కగారు బండి ఆపమంది.

"కుర్చీలు ఉంటాయి మామా, తెస్తాను. లేదంటే నేనే వెళ్లి చూసొచ్చి చెప్తాను" అన్నాను.

"వద్దు" అంది పెద్ద మామా. "చూసొచ్చావంటే ఉన్నదే చెప్తావు. కూర్చో. ఇంజను ఆపకు."

"మేనకోడలింటికెళ్లాక ఏం చెప్దాం?" అని అక్కను అడిగింది ఆవిడే.

"గంట నీది, గుంటలు నావి. రెండూ చూశాం" అంది అక్క. "సవ్వాగ్, ఈ కోటలో ఏముంది?"

"నాక్కూడా ఇనపడేలా సెప్పన్నయ్యా, అరబ్బీలో తొందరగా లాగించేయకు" అంది చెల్లెమ్మ, సంచులు పక్కకు జరుపుకుని.

నేను సీటు కొంచెం వెనక్కి వాల్చాను. "ఈ కోట తలుపుంది చూశారూ, అది రాజు గొంతు విని తెరుచుకుంటుంది. ఒక రోజు రాజుకు జలుబు చేస్తుంది..."

"నిజమేనా?" అంది అక్కగారు.

"సగం" అన్నాను.

"ఏ సగమో అడగకు" అంది పెద్ద మామా, అక్క మోచేతి మీద చిన్నగా తట్టి.