చెంచురామయ్య దాచిన కాలు

జూలూరుపాడు చుట్టుపక్కల చెంచురామయ్యను నమ్మి ఎద్దుల్ని కొన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. చెంచురామయ్య నమ్మిన మనిషి మాత్రం ఇంతవరకూ పుట్టలేదు.

తాతల కాలంలో కృష్ణా ఒడ్డు నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కున్న కుటుంబం వాళ్ళది. తమ్ముళ్ళు పత్తీ మిర్చీ వేసుకుంటే ఈయన పశువుల సంతలో దళారి అయ్యాడు. ట్రాక్టర్లొచ్చి సంత పలచబడ్డా, అడవి అంచు పల్లెలకు ఎద్దులు ఇంకా కావాలి. కండువా కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చడంలో ఆయన్ను మించినవాడు లేడు. కుంటే ఎద్దునైతే మెత్తటి దుక్కిలోనే నడిపించి చూపేవాడు. గట్టి నేల మీద గుట్టు బయటపడుతుంది మరి. తాను దొంగైతే పరుల్ని నమ్మడని ఊరికే అన్నారా?

అలాంటి మనిషికి ఎడమ కాలు మొరాయించింది. కాస్త దూరం నడిస్తే పిక్క పట్టేసేది, నిలబడితే వదిలేది. మోకాలూ సలిపేది. కానీ కుంటి దళారి తెచ్చిన ఎద్దును ఎవడు కొంటాడు? అందుకని ఒక ఎత్తు వేశాడు. నొప్పి వచ్చిన చోటల్లా ఎవరిదో ఒకరి దడి దగ్గర ఆగి యోగక్షేమాలు అడగడం మొదలుపెట్టాడు. బర్రె ఈనిందా, బోరులో నీళ్ళున్నాయా, కోడలు పుట్టింటి నుంచి వచ్చిందా? సంతకు వెళ్ళే దారిలో ఉండే రైతు బొజ్జయ్య దడి దగ్గరైతే ఆగని రోజు లేదు. ముసలాయనకు ఇన్నాళ్ళకు జనం మీద ప్రేమ పుట్టిందని ఊరంతా అనుకుంటోందని లోలోపల మురిసిపోయాడు.

భార్య హైమ ఒకరోజు అంది: "ఖమ్మం దవాఖానాకు పోదాం. కోత లేకుండ, చిన్న రంధ్రం పెట్టి రక్తనాళం తెరుస్తరంట."

"ఎవరు చెప్పిండు నీకు?"

"ఎవరో చెప్పిండ్రు తియ్."

ఆ 'ఎవరో' మీదే ఆయన అనుమానమంతా. కమిషన్ రానిదే ఎవడైనా ఇంకొకడి కాలు గురించి మాట్లాడతాడా? అయినా నొప్పి మెడలు వంచి బస్సెక్కించింది. ఎన్నడూ లేనిది, ఆ రోజు కాళ్ళకు సాక్సు తొడిగాడు.

డాక్టర్ పద్మప్రియ వయసులో చిన్నది. ఆయనకు అది మొదటి అనుమానం.

"ఎక్కడ నొప్పి తాతా?"

"మోకాలు జర పట్టేసింది. గంతే."

వరండాలో ఒకసారి నడిచి చూపించమంది. నున్నటి గట్టి నేల. చెంచురామయ్య ఛాతీ విరుచుకుని పెళ్ళికొడుకులా బయల్దేరాడు. సగం దూరంలో పిక్క పట్టేసింది. వెంటనే గోడ మీది చార్టు ముందు ఆగి, చేతులు వెనక్కి కట్టుకుని, శ్రద్ధగా చూడసాగాడు.

"తాతా, అది గర్భిణీ స్త్రీల తిండి గురించి. దాంతో నీకేం పని?" అంది డాక్టర్.

హైమ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

లోపల బల్ల మీద పడుకోబెట్టి, చీలమండ దగ్గర చిన్న మిషను ఆనించారు. కుడికాలికి దబ్‌దబ్‌మని మోగింది. ఎడమకాలికి సద్దు వినీ వినబడకుండా ఉంది. మిషను మీట ఎవరు నొక్కుతున్నారో అని ఆయన తల ఎత్తి చూశాడు.

"మోకాలు కొంత అరిగింది, దానికి మందులున్నాయి. అసలు సంగతి వేరే. ఈ కాలికి రక్తం సరిగా అందట్లేదు. తొడ మొదట్లో సన్నటి గొట్టం పెట్టి, తీగ పంపి, మూసుకున్నచోట బుడగతో తెరుస్తాం. మత్తు అక్కడి మటుకే. నువ్వు మెలకువగానే ఉంటావు," అంది డాక్టర్.

"నొప్పి పిక్కల, పొడిచేది తొడల. ఎద్దు కుంటితే కొమ్ము కోసినట్టున్నది."

డాక్టర్ నవ్వి, "ఎడమ సాక్సు పూర్తిగా తీయి తాతా," అంది.

ఆయన మడమ దాకానే దించి ఉంచాడు. ఆ మాటతో లేచి కూర్చున్నాడు. "ఇంకోసారి వస్తం తియ్యమ్మా."

"లోపల పుండేమైనా ఉందా? రక్తం అందని కాలికి పుండైతే కాలే పోతుంది. ఉంటే ఇప్పుడే చెప్పు."

చెంచురామయ్య బల్ల దిగి తలుపు వైపు నడిచాడు. హైమ అడ్డం నిలబడింది.

"వేలి పుండు నాకు తెల్వదనుకున్నవా?"

ఆయనకు భయమేసింది. "ఎవరు చెప్పిండు?"

"బొజ్జయ్యన్న. చెప్పులకెల్లి రసి కారంగ చూసిండంట. ఈ దవాఖానా సంగతి చెప్పింది గూడ ఆయనే. రోజూ నువ్వొచ్చే యాళ్ళకు చేసే పని ఇడిసిపెట్టి దడికాడికి వస్తడు. నువ్వు నిలబడనీకి ఒక సాకుండాలె గదా!"

"సంతల గూడ తెలుసా?"

"తెల్వనిదెవరికి? నువ్వు నడవకుండ ఎడ్లను నీకాడికే తోలుకొస్తుండ్రు గదా, సూస్తలేవా?"

చూశాడు. తన పేరు చూసి వస్తున్నారనుకున్నాడు. సిగ్గూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. జాలిపడ్డారని కాదు. తన మొహం చిన్నబోకూడదని అంతమంది తనకు తెలియకుండా చూసుకున్నారని.

"మరి ఒక్కడు నోరిప్పలేదేంది?"

"చెప్తే నమ్మేటోనివా?"

చెంచురామయ్య వెనక్కి వచ్చి బల్ల మీద కూర్చుని, సాక్సు తనే లాగేశాడు. చిటికెన వేలు నల్లబడి ఉంది.

"గిది గూడ చూడు బిడ్డా. దాచిపెట్టిన."

డాక్టర్ వంగి చాలాసేపు చూసింది. నవ్వు పోయింది. "ఇవాళే తెరుద్దాం. కాలు నిలబెట్టడానికి చూస్తా. వేలు మాత్రం దక్కుతుందని చెప్పలేను."

"నీ ఇష్టం తల్లీ," అన్నాడు చెంచురామయ్య. బేరం ఆడలేదు.