ఎర్ర గీతలో మనిషి

కరోనా రెండో విడత తగ్గుముఖం పట్టిన రోజులవి. ఆదోని నుంచి ఎమ్మిగనూరు వెళ్లే బస్సులో, ఫోన్‌లో గ్రాఫ్ చూస్తూ కూర్చున్నాను. పక్క సీట్లోని పెద్దావిడ తొంగి చూసింది.

"ఏం సూస్తాండావప్పా?"

"కరోనా కేసులమ్మా. నీలం గీత మనది, ఎర్రది కర్ణాటకది. మనది ఎంత కిందికి దిగిందో చూడు!" నేను ఓటేసిన ప్రభుత్వం కదా, కాస్త గర్వంగానే అన్నాను.

"మాది హొళగుంద, కర్ణాటక అంచునే. జబ్బు సేస్తే మాకు బళ్లారే దగ్గర. మా ఇంటాయన్ని ఆడికే తీసకపోయినాం. ఆడనే పరీక్ష సేసినారు, ఆడనే పోయినాడు. ఆయప్ప ఏ గీతలో ఉంటాడు?"

"ఎర్రదాంట్లోనే అయ్యుంటుందమ్మా," అన్నాను.

ఆమె ఎర్ర గీత మీద వేలు పెట్టింది. తెర జరిగి గ్రాఫ్ మాయమైంది. ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్లీ తెచ్చి చూపించాను. ఈసారి ముట్టుకోలేదు.

"అట్లయితే మన గీత దిగింది ఆయప్ప లేకుండానే," అంది. ఆ మాటలో కోపం లేదు.

ఇప్పటికీ ఎవరైనా మన గీత దిగిందని చూపిస్తే, నా చూపు మొదట పక్క గీత మీదికే పోతుంది.