ఆ మూత బిగించింది నేనే

పోయిన నెల మా పెద్దబాపు పోయాడు. మధ్యాహ్నం అన్నం తిని, మేడ్చల్‌లోని తన షెడ్డులోనే బల్ల మీద నడుం వాల్చాడు. మళ్లీ లేవలేదు. మా బాపు ఫోన్ చేసి, "మీ పెద్దబాపు లేస్తలేడు బిడ్డా" అన్నాడు. నాకు అర్థమైంది. ఏడుపు రావాల్సిన చోట ముందుగా భయం వచ్చింది. ఆయనకు చెప్పాల్సిన మాటొకటి రెండేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది.

ఆయన మెకానిక్. ట్రాలీ ఆటోలు, పాత జీపులు, ట్రాక్టర్లు బాగుచేసేవాడు. అందులోనూ ఆయిల్ లీకులకు ఆయన చెయ్యి పెట్టింది పేరు. ఇంజన్ తల మీద ఒక రేకు మూత ఉంటుంది, ట్యాపెట్ కవర్ అంటారు. దాని కింద సన్నని రబ్బరు ప్యాకింగ్. అది పాడైతే ఆయిల్ కారి ఇంజన్ పక్కలన్నీ నల్లబడతాయి. చాలామంది బోల్టుల్ని ఇంకో చుట్టు తిప్పి బండి పంపేస్తారు. పెద్దబాపు అలా కాదు. ఇంజన్‌ను శుభ్రంగా కడిగి, తుడిచి, ఆరాక దాని మీద ముఖానికి రాసుకునే పౌడరు చల్లేవాడు. స్టార్ట్ చేసి చూస్తే పౌడరు ఎక్కడ తడిస్తే అక్కడే లీకు.

పక్కన చాయ్ బండి నడిపే అత్త ఊరుకునేది కాదు. "ఏంది బావా, ఇంజన్‌కు పెండ్లిసూపులా?"

"మరి? నీ తీర్గ ముఖం కడగకుండ కూసుంటదా?" అనేవాడు తలెత్తకుండానే.

నేను దుండిగల్ దగ్గరి కాలేజీలో మెకానికల్ చదివాను. సెలవొస్తే షెడ్డుకు పోయేదాన్ని. ఒకచోట కుదురుగా కూర్చునే రకాన్ని కాదు, అక్కడైతే చేతికి పని దొరికేది. వచ్చినవాళ్లందరికీ ఆయన, "మా తమ్ముని బిడ్డ, ఇంజనీరు" అని చెప్పేవాడు. నాకు సిగ్గనిపించేది, లోపల మాత్రం నచ్చేది.

ఆయన మూత బిగించే తీరు నాకు చాదస్తంలా కనిపించేది. విప్పిన మూతను అద్దం ముక్క మీద బోర్లించి, వేలితో ఒక మూల నొక్కేవాడు. కదిలిందంటే వంగినట్టు. బోల్టులన్నీ ముందు వేళ్లతోనే తిప్పేవాడు. తర్వాత చిన్న పానాతో, మధ్యలోంచి మూలలకు, ఒక్కోదాన్ని కొంచెం కొంచెం. పెద్ద పానా ముట్టనిచ్చేవాడు కాదు. "బిగిస్తే ఆగేదైతే నా దాంక ఎందుకొస్తరు?" అనేవాడు. ఇంకో మాట రోజూ అనేవాడు: "ముందుగాల ఇంజన్ ఊపిరి సూడు." లోపలి గాలి బయటికి పోయే గొట్టం మూసుకుపోతే, ఆ గాలే ఆయిల్‌ను ప్యాకింగ్ సందుల్లోంచి బయటికి నెడుతుంది. అప్పుడు ఎన్ని ప్యాకింగులు మార్చినా కారుతూనే ఉంటుంది.

రెండేళ్ల కింద, నా చివరి సంవత్సరంలో, శామీర్‌పేట చెరువు దగ్గర చేపలు అమ్మే అన్న తన ట్రాలీ తెచ్చాడు. ట్యాపెట్ కవర్ లీకు. కొత్త ప్యాకింగ్ కోసం పెద్దబాపు బజారుకు బయల్దేరుతూ, "గాలి గొట్టం విప్పి చూడు. నేనొచ్చేదాంక మూత బిగియ్యకు" అన్నాడు.

చేపలన్నకు తొందర. పది నిమిషాలకోసారి ఫోన్ చేసి, "జల్దీ గానియ్యుండ్రి" అంటున్నాడు. ఇంత చిన్న పనికి ఇంతసేపేంది అనిపించింది నాకు. గొట్టం చూడలేదు. పాత ప్యాకింగ్ మీదే సందులు మూసే సిలికాన్ పేస్టు దట్టంగా పూసి, పెద్ద పానాతో నా బలమంతా పెట్టి బిగించాను. స్టార్ట్ చేస్తే చుక్క కారలేదు. పెద్దబాపు వచ్చేలోగా, చేపలన్న పంపిన పిల్లగాడికి బండి అప్పగించేశాను. ఆయన అడిగితే, "పాత ప్యాకింగే మంచిగున్నది, గొట్టం సాఫ్ చేసిన" అని అబద్ధం కూడా చెప్పాను.

రెండోరోజు, చేపల లోడుతో కరీంనగర్ రోడ్డు మీద ఆ ఇంజన్ పట్టేసి బండి కదలకుండా ఆగిపోయింది. ఆయిలంతా రోడ్డుపాలైంది.

చేపలన్న బండిని తాడు కట్టించి లాక్కొచ్చాడు. షెడ్డు ముందు పదిమంది పోగయ్యారు.

"ఏంది ఉస్తాద్ గిది? చేపలన్ని ఎండకు మురిగినయ్. నీ చెయ్యి మీద నమ్మకంతోని బండి ఇడిసిపోతి. ఎవలు బిగించిండ్రు గీ మూత?"

పెద్దబాపు మూత చుట్టూ పొంగి ఎండిన సిలికాన్‌ను చూశాడు. ఆయన జన్మలో ఏ మూతకూ సిలికాన్ పూయలేదు. నా వైపు మాత్రం చూడలేదు.

"నేనే తమ్మీ. ఈ మధ్య కండ్లు సరిగ్గ కనిపిస్తలెవ్వు. తప్పయింది."

"కండ్లు కనిపియ్యకుంటే ఇంట్ల పండు! మా బతుకులతోని ఆడుతవా?"

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరిస్తే సరిపోయేది. తెరవలేదు.

ఆ సాయంత్రం మూత విప్పి అద్దం మీద పెట్టి వేలితో నొక్కాడు. టకటకమని కొట్టుకుంది. "విన్నవా?" అన్నాడు. అంతే. తర్వాత ఆ ఇంజన్‌ను మొత్తం విప్పి మళ్లీ తానే కట్టిచ్చాడు.

శామీర్‌పేట వైపు నుంచి బండ్లు రావడం ఆగిపోయింది. మేడ్చల్‌లోనూ, "ఉస్తాద్‌కు సూపు ఆనుతలేదంట" అనుకున్నారు. కంటి ఆపరేషన్ చేయించుకొమ్మని సలహాలిచ్చారు. ఆయన సరేనని తలూపేవాడు. చదువైపోయాక నేను ఒక ఉద్యోగం మానేసి ఇంకోటి పట్టుకుంటూ తిరిగాను. వచ్చినప్పుడల్లా ఈసారి చెప్పేయాలనుకునేదాన్ని. "నౌకరీ ఎట్లున్నది ఇంజనీరూ?" అని ఆయన ముందే నవ్వేసేవాడు. నేను నౌకరీ సంగతులే చెప్పి వచ్చేసేదాన్ని.

పదకొండో రోజు భోజనాల దగ్గర ఎవరో అన్నారు: "మంచి పనోడు. ఆఖర్ల జర చెయ్యి తప్పింది పాపం." నేను నీళ్లు పోస్తూ పక్క విస్తరి దగ్గరికి జరిగాను. వంటింట్లోకి వెళ్తే పెద్దమ్మ గోడకు ఆనుకొని కూర్చుంది. "ఆయన కండ్లకేమైంది బిడ్డా? మొన్నటిదాంక సూదిల దారం నాకు ఆయనే ఎక్కిచ్చెటోడు" అంది.

తెల్లారి శామీర్‌పేట బస్సెక్కాను. చేపలన్న ట్రాలీ పక్కన నిలబడి తూకం వేస్తున్నాడు. గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాను. పెద్దబాపు పోయాడని కూడా ఆయనకు నా నోటే తెలిసింది.

చేపలన్న చేతిలోని చేపను మెల్లగా ట్రేలో పెట్టాడు.

"పదిమందిల తిట్టిన ఆయనను. ఇంట్ల పండుమన్న" అన్నాడు. "ఇప్పుడు జెప్తున్నవా చెల్లె? నువ్వు జెప్పుకొని సల్లగైతివి. నేనేడికి పోయి మాఫీ అడగాలె?"

"నేను సల్లగ కాలేదు అన్నా" అనబోయాను. ఆ మాటకూ నాకు హక్కు లేదనిపించింది.

బేరాలు మిగిలే ఉన్నా ఆయన ట్రేలు సర్దేసి బండి తీశాడు. ట్రాలీ కరీంనగర్ రోడ్డు ఎక్కుతుంటే వెనక నుంచి ఏదో బొట్లు బొట్లుగా కారుతోంది, ఎండలో నల్లగా, వరుసగా. ఆయిలే అనుకున్నాను. రోడ్డు మీదే వంగి ఒక బొట్టును వేలితో అద్ది, రుద్ది చూశాను. నీళ్లు. చేపల కింది మంచు కరిగిన నీళ్లు. నేను లేచి నిలబడేసరికి మొదటి చుక్కలు అప్పుడే ఆరిపోతున్నాయి.