వేలి మీది నంబరు

అందరూ ఆ కరోనా రోజులు మరిచిపోయారేమో, నేను మరవలేదు. సూరత్‌లో ఒక ఆసుపత్రి బయట బెంచీ మీద, నా పక్కన అక్కడి లింబాయత్ పేట మగ్గాల్లో పనిచేసి ఊపిరితిత్తులు పాడైన మన తెలుగు మనిషొకాయన కూర్చున్నాడు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, కాళ్ల దగ్గర కిరాయి సిలిండర్. ఆయన ఆయాసపడ్డప్పుడల్లా భార్య దాని మర కాస్త పెంచుతోంది.

వార్డుబాయ్ వచ్చి ఆయన వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టి చూశాడు. "నంబర్ అచ్ఛా హై, మౌసీ. ఘర్ లే జావ్."

నంబరు బాగుంది, ఇంటికి తీసుకుపొమ్మంటే నాకు ఒళ్లు మండింది. బడికి పోకున్నా చదివి తెలుసుకున్నవాణ్ణి. బొగ్గుపులుసు వాయువు బయటికి పోక పేరుకుంటే ఇలాంటి రోగికి శ్వాసనాళాల కండరాలు ఇంకా బిగుసుకుంటాయి. ఊరికే ఆక్సిజన్ పెంచితే ఆ వాయువు మరింత పేరుకుని మనిషి మత్తులోకి జారతాడు. ఆ సంగతి క్లిప్పు చెప్పదు, రక్తం పరీక్ష చెయ్యండని హిందీలో అరిచాను.

"ఆప్ డాక్టర్ హో క్యా, చాచా?" అని నవ్వి వాడు తలుపేసుకున్నాడు.

అప్పటికే ఆయన తల నా భుజం మీద వాలింది. లేపబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"లేపకుండ్రి, పెద్దయ్యా. నంబర్ మంచిగున్నదన్నడు గద. ఎన్ని దినాలకో జర కన్నంటింది" అంటూ మర ఇంకొంచెం తిప్పింది.